అడుగుకింత అంటే ఎంత?
హైదరాబాద్ ఇళ్ల ప్రహరీ ఖర్చుపై ఒక సమీక్ష

హైదరాబాద్‌లో స్థలం రిజిస్ట్రేషన్ అయిన మరునాడే ఇంటిల్లిపాదికీ పట్టుకునే ప్రశ్న ఒకటుంది: చుట్టూ ప్రహరీకి ఎంతవుతుంది? మేస్త్రీని అడిగితే రన్నింగ్ ఫీటుకు ఇంత అంటాడు. రెడీమేడ్ గోడలవాళ్లు చదరపు అడుగు ధర చెబుతారు. ముళ్ల తీగ దుకాణంలో కిలో లెక్క. ఆపైన వాస్తు చూసేవారు, సర్వేయరు, లాయరు, పక్క ప్లాటువారు తలా ఒక మాట కలుపుతారు. చివరికి ఎవరి మాట నమ్మాలో తెలియక, ఎదురింటివారు ఏం కట్టారో అదే కట్టేసేవారు ఎక్కువ.

ధరలు తరచూ మారుతుంటాయి కాబట్టే ఈ గందరగోళం అనుకుంటే సగమే నిజం. అందరూ ప్రహరీ ఖర్చు అనే అంటున్నారు గానీ, ఒక్కొక్కరు కొలుస్తున్నది ఒక్కొక్కటి. మహానగరంలో ఈ ఖర్చులో పెద్ద భాగం కొటేషన్ కాగితం మీదికి ఎక్కదు. గోడ ఆక్రమించే నేల, సర్వే, పక్కవారితో పేచీ, వాననీటి దారి, కూలితే జరిగే నష్టం, ఇవన్నీ కలిపి చూస్తేనే చౌక ఏదో, ప్రియం ఏదో తెలుస్తుంది.

ఊరికి ఒకే ప్రహరీ ఉన్న రోజుల నుంచి

18వ శతాబ్దిలో సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టించగా మొదటి నిజాం కాలంలో పూర్తయిన కోటగోడ హైదరాబాద్ మొత్తానికీ ప్రహరీ. లోపల నవాబుల దేవిడీలకు మాత్రమే సొంత గోడలు ఎత్తుగా ఉండేవి. మామూలు ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. 1908 సెప్టెంబరు మూసీ వరదలో కోటగోడ కొంత దెబ్బతింది. నగరం పెరిగేకొద్దీ మిగిలినదీ పోయింది. దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు ఆనవాళ్లుగా నిలిచాయి. చుట్టుపక్కల పల్లెల్లో దొరల గడీకి రాతిగోడ, రైతు ఇంటికి మట్టిగోడో దడో, పెరటికి కంప. ఆ కంచెకు డబ్బు లెక్క ఉండేది కాదు, ఏటా కంప కొట్టి వేసుకునే శ్రమే దాని ఖర్చు.

వరద, ప్లేగు తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. కొత్త పేటలు, వెడల్పయిన వీధులు వచ్చాయి. చుట్టూ ఖాళీ వదిలి మధ్యలో ఇల్లు కట్టే పద్ధతి మధ్యతరగతికీ చేరాక, ప్రహరీ ఇంటి అంచనాలో ఒక పద్దుగా స్థిరపడింది. ఇల్లు పూర్తయ్యాక మిగిలిన డబ్బుతో కట్టే గోడ అది.

ఆ క్రమం తలకిందులైంది తర్వాతి కాలంలో. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభం, ఆపైన 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు నగరాన్ని నాలుగు వైపులా లాగాయి. వెంచర్లలో ప్లాట్లు కొన్నవారిలో చాలామందికి వెంటనే ఇల్లు కట్టే ఆలోచన లేదు. యజమాని ఖమ్మంలోనో గుంటూరులోనో డాలస్‌లోనో ఉంటాడు, ప్లాటు ఆదిభట్లలో ఉంటుంది. ఇల్లు లేకుండానే ఏళ్ల తరబడి నిలిచే ప్రహరీ అలా పుట్టింది. దాని పని నివాసానికి మరుగు ఇవ్వడం కాదు, ఈ నేలకు యజమాని ఉన్నాడని చెప్పడం. ఈ రెండు రకాల ప్రహరీలనూ ఒకే తక్కెడలో తూచడం వల్లే ధరల చర్చ దారి తప్పిందని నా అభిప్రాయం.

ఒకే గోడ, మూడు కొలతలు

లెక్కకు ఒక మామూలు ప్లాటు తీసుకుందాం. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, అంటే 200 గజాలు. చుట్టుకొలత 180 అడుగులు. అయిదడుగుల ఎత్తు గోడకు ముఖవైశాల్యం 900 చదరపు అడుగులు. గేటు జాగా ఇంకా తీసేయలేదు.

చిన్న ప్లాటువారికి తెలియకుండా పడే బరువు ఇక్కడే ఉంది. 30 అడుగుల చదరం, అంటే 100 గజాల ప్లాటుకు చుట్టుకొలత 120 అడుగులు. 60 అడుగుల చదరమైన 400 గజాల ప్లాటుకు 240. నేల నాలుగింతలైనా గోడ రెండింతలే. గజానికి లెక్కిస్తే చిన్న ప్లాటువారు పెద్ద ప్లాటువారికి రెండింతల గోడ మోస్తున్నారు. "ప్లాటు ధరలో ప్రహరీ ఇంత శాతం" అని ఎవరైనా చెబితే, ఎంత ప్లాటుకు అని అడగకుండా ఒప్పుకోకూడదు.

ఇక కొలతల సంగతి. మేస్త్రీ చెప్పే రన్నింగ్ ఫీటు ధరలో పునాది ఉందా, నేలమట్టం నుంచి పైదేనా? రెండు వైపులా ప్లాస్టరింగు కలిసిందా? 900 చదరపు అడుగుల గోడకు ప్లాస్టరింగు 1,800 చదరపు అడుగులు. చాలామంది పక్క ప్లాటు వైపు వదిలేస్తారు, అటు నుంచి నీరు ఇంకి లోపలి వైపు రంగు పొట్టు రాలుతుంది. రెడీమేడ్ గోడవాళ్ల చదరపు అడుగు ధరలో సాధారణంగా స్తంభాలు, పలకలు, బిగింపు కూలి కలిసే ఉంటాయి, గేటు ఉండదు. తీగ కిలో ధరలో రాతి కడీలు, గుంతలు, కూలి ఏవీ ఉండవు. అల్లిన తీగ జాలీలో మరో మెలిక గేజి. సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది: 8 గేజి తీగ మందం సుమారు 4 మిల్లీమీటర్లు, 10 గేజి 3.25, 12 గేజి 2.64. 10 బదులు 12 గేజి వాడితే అదే కన్ను, అదే ఎత్తులో లోహం దాదాపు మూడోవంతు తగ్గిపోతుంది. చూపుకు రెండూ ఒకటే. ముళ్ల తీగకు ఐఎస్ 278, జాలీకి ఐఎస్ 2721 అని భారతీయ ప్రమాణాలున్నాయి. కొటేషన్‌లో వాటి ప్రస్తావన అడిగి రాయించుకోవడం ఖర్చులేని జాగ్రత్త.

ఇటుకా, పలకా, తీగా

ఎక్కువమంది మాట ఇటుకగోడే. ఒకసారి కడితే పిల్లల కాలం దాకా ఉంటుంది, మరుగు ఇస్తుంది, ఇంటికి నిండుదనం వస్తుంది అంటారు. తొమ్మిది అంగుళాల గోడకు చదరపు అడుక్కి పది పదకొండు ఇటుకలు పడతాయి కాబట్టి మన ప్లాటుకు సుమారు 9,600. నాలుగున్నర అంగుళాల గోడ, మధ్యమధ్య పిల్లర్లతో అయితే ఇందులో సగం, పిల్లర్ల సరుకు అదనం. 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తు ఉండే సిమెంటు బ్లాకులైతే వెయ్యి చాలు. ఇటుక పది రూపాయలు, బ్లాకు 35 అని లెక్కకు అనుకుంటే ఒకటి 96 వేలు, మరొకటి 35 వేలు. బ్లాకు పనిలో జాయింట్లూ తక్కువే, మాలూ తక్కువే, కూలి దినాలూ తక్కువే. నగరం అంచుల్లో బ్లాకు గోడలు పెరగడానికి ఇదే కారణం. గోదావరి తీరం నుంచి లారీల్లో వచ్చే ఇసుక ధరను తట్టుకోలేక కంకర మిల్లుల రోబో శాండ్‌కు మళ్లినవారూ ఎక్కువే. సిమెంటుపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి 2025 సెప్టెంబరు 22న తగ్గింది. ఉపశమనమే, కానీ ప్రహరీలో సిమెంటు వాటా కొంతే కాబట్టి మొత్తం ఖర్చులో తేడా చిన్నదిగానే ఉంటుంది.

రెండో వాదం రెడీమేడ్ గోడది. కాంక్రీటు స్తంభాలను ఏడెనిమిది అడుగులకొకటి పాతి, వాటి గాడుల్లో అడుగు ఎత్తు పలకలు ఒకదానిపై ఒకటి దించుతారు. ఇటుకగోడకు వారాలు పట్టే పని రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. నీటి తడుపు అక్కర్లేదు, వేసవిలో ట్యాంకరు ఖర్చు తప్పుతుంది. రేపు ఇల్లు కట్టేటప్పుడు విప్పి మళ్లీ వాడుకోవచ్చు. దీనిపై విమర్శలు కూడా గట్టివే. ట్రాక్టరు వెనక్కి తగిలితే పలక విరుగుతుంది. స్తంభం లోతుగా పాతకపోతే మొదటి గాలివానకే వరస ఒరుగుతుంది. లోపలి ఇనుప కడ్డీ సన్నమైందో మందమైందో కొన్నవారికి కనపడదు.

మూడోది తీగ. రాతి కడీలు, ముళ్ల తీగ అంటే తెలంగాణ రైతుకు చేతికి అలవాటైన పని, గ్రానైటు దండిగా దొరికే నేల కాబట్టి కడీ చౌక. తాండూరు వైపు నాపరాతి బండలను నిలువుగా పాతి కంచెలు కట్టే పద్ధతీ ఉంది. జాలీ అయితే వీధి కనపడుతుంది, గాలి ఆడుతుంది, వాననీరు ఆగదు. మరుగు లేదనేది, జింకు పూత పోయాక తుప్పు పడుతుందనేది దీని మీద ఫిర్యాదులు. గోరింట, కాగితం పూల తీగల కంచెలు అన్నిటికన్నా చౌక. కానీ నీళ్లు పోసి కత్తిరించే మనిషి ఉండాలి. ఖాళీ ప్లాటుకు అది కుదరని పని.

పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఇల్లు కట్టే ఉద్దేశం అయిదేళ్లలోపు లేనివారికి ఇటుకగోడ నష్టమే. బోరు లారీ, కాంక్రీటు మిల్లరు లోపలికి రావడానికి ఒక వైపు గోడ ఎలాగూ పగలగొట్టాల్సి వస్తుంది. ఇల్లు ఉన్నవారికి నాలుగంగుళాల బ్లాకు గోడ, సరైన పిల్లర్లతో, చాలు. తొమ్మిదంగుళాల గోడ ఇవాళ్టి హైదరాబాద్‌లో ఎందుకు ప్రియమో తర్వాతి లెక్క చెబుతుంది.

గోడ కింది నేల

180 అడుగుల చుట్టుకొలతలో తొమ్మిదంగుళాల గోడ పూర్తిగా మన హద్దు లోపలే కడితే అది తినే నేల, మూలలు ఒకసారే లెక్కించి, దాదాపు 133 చదరపు అడుగులు, అంటే పద్నాలుగు గజాల పైమాట. నాలుగంగుళాల బ్లాకు గోడ తినేది ఆరున్నర గజాలు. రెండంగుళాల పలకలైతే మూడు గజాల చిల్లర, స్తంభాల దగ్గర కాస్త ఎక్కువ. గజం 50 వేలు పలికే చోట మొదటిదాని కింద ఏడు లక్షల పైచిలుకు నేల ఉంది, రెండోదాని కింద మూడు లక్షల పైన. ఇటుక ధర మీద రూపాయి తగ్గించమని బేరమాడినవారే, గోడ మందం దగ్గర నాలుగు లక్షల నేలను మాట్లాడకుండా వదిలేస్తున్నారు.

నేల అమ్మేటప్పుడు గోడ కింది గజాలూ లెక్కలోకి వస్తాయి కదా, అది నష్టమెలా అవుతుందని ఎదురు వాదం ఉంది. కాగితం మీద అది నిజం. వాడకంలో కాదు. ఇంటి పక్క ఒక మీటరు, అంటే మూడడుగుల మూడంగుళాలు ఖాళీ వదిలినవారికి తొమ్మిదంగుళాలు గోడకు పోతే మిగిలేది రెండున్నర అడుగులు. ఆ సందులో పైపు మరమ్మతుకు మనిషి వంగి కూర్చోలేడు, ఏసీ డబ్బా పెట్టలేరు.

దీనికి మందు పక్కవారితో కలిసి ఒకే గోడ కట్టుకోవడం. 60 అడుగుల పొడవున ఇద్దరూ చెరొక తొమ్మిదంగుళాల గోడ కడితే పది గజాల నేల పోతుంది. ఉమ్మడి బ్లాకు గోడ ఒకటి కడితే రెండు గజాల చిల్లర. ఖర్చూ సగం. ఇంత లాభం ఉన్నా మన నగరంలో ఉమ్మడి గోడ అరుదు. ఎవరి ప్రహరీ వారికే ఉండాలని వాస్తు చెప్పేవారు గట్టిగా అంటారు. అమ్మేటప్పుడు పేచీ వస్తుందని పెద్దలు భయపెడతారు. ఇంగ్లండులో ఉమ్మడి గోడల కోసమే 1996లో ఒక చట్టం చేసి, నోటీసు ఎలా ఇవ్వాలో, ఖర్చు ఎలా పంచాలో రాసిపెట్టారు. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఇద్దరి మధ్య రాతపూర్వక ఒప్పందమే దిక్కు. ఆ ఒక్క కాగితం రాసుకోలేక లక్షలు మట్టిపాలు చేసుకోవడం బాధ కలిగించే విషయం.

పునాది సంగతీ ఇక్కడే చెప్పాలి. పునాది గోడకన్నా వెడల్పు, దాన్నీ హద్దు దాటించకూడదు. అందువల్ల ప్రహరీ తన పునాదికి నడిమధ్యన కాక ఒక అంచున కూర్చుంటుంది. నల్లరేగడిలో ఇది ప్రమాదం. వానకు ఉబ్బి ఎండకు బీటలువారే ఆ నేల గోడను పక్కకు నెడుతుంది. పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో నల్లరేగడి, ఎర్రనేల రెండూ ఉన్నాయి. ఒకే మండలంలో రెండు ప్రహరీలకు రెండు రకాల పునాది అవసరం కావచ్చన్నమాట. గచ్చిబౌలి వైపు గట్టి బండ తగిలితే తవ్వకం కూలి పెరుగుతుంది, పునాది లోతు తగ్గుతుంది. ఊరంతటికీ ఒకే ధర చెప్పేవారు నేలను చూడకుండా చెబుతున్నారు.

కబ్జా భయం, కోర్టు మాట

ఖాళీ ప్లాటుకు ప్రహరీ ఎందుకంటే అందరూ చెప్పే జవాబు ఒకటే: కబ్జా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజుల్లో, 1982లోనే భూ ఆక్రమణల నిషేధానికి ప్రత్యేక చట్టం తెచ్చుకున్న నేల ఇది, ఆ భయం ఊహ కాదు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ప్రైవేటు స్థలంలో పరాయివారు యజమానికి ఎదురుగా, బాహాటంగా పన్నెండేళ్లు స్వాధీనంలో ఉంటే యజమాని హక్కుకే ముప్పు. 2023లో లా కమిషన్ 280వ నివేదికలో ఈ చట్టాన్ని మార్చాల్సిన అవసరం లేదంది.

అయితే గోడ కట్టకపోతే స్థలం పోయినట్టేనన్న ప్రచారం అతిశయోక్తి. వరంగల్‌లోని ఒక ఖాళీ స్థలం వివాదంలో 2008లో సుప్రీంకోర్టు, ఎవరూ భౌతికంగా వాడని ఖాళీ స్థలం విషయంలో హక్కు రుజువు చేసుకున్నవారే స్వాధీనంలో ఉన్నట్టు భావించాలంది. అంటే పత్రాలు బలంగా ఉంటే గోడ లేకపోయినా స్వాధీనం యజమానిదే. బలవంతంగా వెళ్లగొట్టబడినవారు ఆరు నెలల్లోపు దావా వేస్తే, హక్కు చర్చలోకి వెళ్లకుండానే స్వాధీనం తిరిగి పొందే వీలూ నిర్దిష్ట ఉపశమన చట్టంలో ఉంది.

కాబట్టి ఇక్కడ రెండు పక్షాలు. లాయర్లలో ఒక వర్గం గోడ కన్నా సర్వే ముఖ్యమంటుంది: హద్దులు కొలిపించి, రాళ్లు పాతించి, ఫొటోలు తీసి, పన్ను రసీదులు దగ్గర ఉంచుకుని, ఏటా రెండుసార్లు వెళ్లి చూసుకోవాలి. నేల మీద పనిచేసేవారు మాత్రం, కోర్టులో గెలవడానికి ఏళ్లు పడుతుంది, కంచె ఉంటే అసలు పేచీయే మొదలవదు అంటారు. ఇద్దరూ ఒప్పుకునే మాట ఒకటుంది: సర్వే లేకుండా కట్టిన గోడ అడుగు అటుపడితే కబ్జాదారు పేరు మనకే వస్తుంది, అడుగు ఇటుపడితే ఆ అడుగును మనమే వదిలేసినట్టు రేపు వాదన వస్తుంది. సర్వే ఖర్చును ప్రహరీ ఖర్చులో మొదటి పద్దుగా రాసుకోవాలి.

ఎంత ఎత్తు?

జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రహరీ ఎత్తు వీధి మధ్యరేఖ మట్టం నుంచి ఒకటిన్నర మీటర్లు, అంటే సుమారు అయిదడుగులు దాటకూడదంటుంది. పైనున్న 0.9 మీటరు కంతలున్న కట్టడమైతే 2.4 మీటర్ల దాకా వెళ్లొచ్చు. మూల ప్లాటులో రోడ్లు కలిసే చోట పది మీటర్ల మేర గట్టి గోడ 0.75 మీటరుకు మించకూడదు, వచ్చే బండి కనపడాలి కదా. మన కాలనీల మూలమలుపుల్లో ఈ చివరి నియమం పాటించిన గోడలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలని, దక్షిణ పడమర గోడలు ఉత్తర తూర్పు గోడల కన్నా మందంగా ఉండాలని వాస్తు నమ్మకం. దాని ప్రకారం కట్టించుకునేవారికి రెండు వైపుల సరుకు పెరుగుతుంది. భద్రత కోసం ఎత్తు పెంచేవారి వాదనకు బదులుగా, 1961లో జేన్ జేకబ్స్, 1972లో ఆస్కార్ న్యూమన్ అమెరికా నగరాల గురించి రాసిన పుస్తకాల నుంచి నగర ప్రణాళికలవారు ఒక మాట తెస్తారు: వీధి మీద పదిమంది చూపు ఉండటమే కాపలా. ఎత్తయిన గట్టిగోడ దొంగ లోపలికి దిగాక వాడికే మరుగవుతుంది. ముందువైపు నడుమెత్తు గోడ, పైన గ్రిల్లు అన్న పాత కాలనీల పద్ధతి ఖర్చులోనూ, కాపలాలోనూ మెరుగని నాకు అనిపిస్తుంది.

గోడ ఊరికి చేసే నష్టం వేరే పద్దు. గేటెడ్ కాలనీల ప్రహరీలు లోపలి పొలాలకు, పక్క బస్తీలకు దారి మూసేస్తాయి. 2012 నాటి భవన నియమాలు పెద్ద స్థలాల్లో వెనకవారి కోసం అంచున తొమ్మిది మీటర్ల దారి వదలమన్నాయి. 2024 జులైలో ఏర్పడిన ప్రభుత్వ ఆస్తుల రక్షణ సంస్థ హైడ్రా, రోడ్లకు అడ్డంగా లేచిన గోడలను కూల్చడం మొదలుపెట్టాక ఈ తగవు వీధిన పడింది. కూల్చివేతలో పోయే గోడ ఖర్చు చివరికి ప్లాటు కొన్నవారి నెత్తినే పడుతుంది, వెంచరు వేసినవారు అప్పటికి ఎక్కడో ఉంటారు.

తేలని ప్రశ్నలు

రోడ్డు వెడల్పులో పోయే ముందు గోడ ఒకటి. నేలకు బదులు అభివృద్ధి హక్కుల బదిలీ పత్రం ఇస్తారు. ఇరవై గజాలు పోయిన చిన్న యజమానికి ఆ పత్రం అమ్ముకోవడం, గోడ తిరిగి కట్టుకోవడం రెండూ కష్టమే. గోడకు, గేటుకు విడిగా ఎంత ఇవ్వాలన్న దానిపై యజమానులకూ అధికారులకూ ఏకాభిప్రాయం లేదు.

రెండోది ప్రాణాల ప్రశ్న, దీని ముందు మిగతావన్నీ చిన్నవి. 2020 అక్టోబరు వానల్లో బండ్లగూడ మొహమ్మదియా హిల్స్‌లో ప్రహరీ పడి పసిబిడ్డతో సహా పలువురు చనిపోయారు. 2024 మే నెలలో బాచుపల్లిలో కడుతున్న అపార్టుమెంటు గోడ పక్కనున్న కూలీల గుడిసెలపై పడి ఏడుగురు పోయారు. వారంతా ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి పనికి వచ్చినవారు. 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవం నాడు కొద్ది రోజుల కిందటే కట్టిన గోడ కూలి క్యూలో నిలబడిన ఏడుగురు భక్తులు ప్రాణాలు కోల్పోయారు. వాలు నేలలో ప్రహరీ వెనక మట్టి నింపితే అది ప్రహరీగా మిగలదు, మట్టిని ఆపే గోడ అవుతుంది. తడిసిన మట్టి తోపుడుకు తగ్గ మందం, ఇనుము, నీరు కారిపోయే రంధ్రాలు దానికి కావాలి. ఆ రంధ్రాలకు పైపు ముక్కల ఖర్చు కొన్ని వందలు. ఇంజనీరు లెక్కకు కొన్ని వేలు.

75 గజాలకు మించని ప్లాట్లలో ఏడు మీటర్ల ఎత్తు దాకా ఇళ్లకు ముందస్తు అనుమతి అక్కర్లేదని, రూపాయి రుసుముతో నమోదు చాలని 2020 నాటి టీఎస్‌బీపాస్ భవన అనుమతుల చట్టం అంది. పేదవారికి ఇది మేలే. కానీ బంజారాహిల్స్ నుంచి బండ్లగూడ దాకా గుట్టల నగరమైన హైదరాబాద్‌లో, వాలు మీద మట్టి మోస్తున్న పాత గోడలను వానాకాలానికి ముందు ఎవరు చూడాలి, చూసి ప్రమాదమని తేలితే బలపరిచే ఖర్చు పైనున్న యజమానిదా, కిందున్న బస్తీని కాపాడాల్సిన కార్పొరేషన్‌దా అన్నది ఎవరూ తేల్చలేదు. వార్డుకొక జాబితా తయారు చేసి, అయిదడుగులు దాటి మట్టి మోసే ప్రతి గోడకూ ఇంజనీరు సంతకం తప్పనిసరి చేయడం జూన్ లోపు మొదలుపెట్టగల పని. అందుకు కొత్త చట్టం కోసం ఆగనక్కర్లేదు.